తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. మా ఆయనకు పుట్టుకతో వినపడదు, మాటలు రావు. బధిరుల బడిలో ఏడో తరగతి దాకా చదివారు. మా మామయ్య పోయాక మూడెకరాల ఇరవై గుంటల విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పు) కోసం తహసీల్దార్ ఆఫీసులో విచారణ పెట్టారు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అడిగినవన్నీ మా బావగారే మా ఆయనకు సైగలతో చెప్పి, జవాబులు కూడా తనే చెప్పారు. 'భూమి అన్న పేరు మీద ఎక్కించడానికి నాకు అభ్యంతరం లేదు' అని రాసిన కాగితం మీద మా ఆయన సంతకం పెట్టారు. ఇంటికొచ్చాక అందులో ఏముందో నేను చెబితే కూర్చుని ఏడ్చారు. మా అత్తమ్మకు షుగర్‌తో కాలు తీసేశారు. ఆఫీసు పైఅంతస్తులో ఉందని అటెండర్ ఇంకుప్యాడ్ కిందికి తెచ్చి ఆటోలోనే ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. ఆర్డర్ ఇంకా రాలేదు. ఆ సంతకం చెల్లుతుందా? సైగల భాష తెలిసిన మనిషిని పెట్టమని అడగొచ్చా? ఖర్చు మాదేనా?

జవాబు: ఆర్డర్ ఇంకా రాలేదన్నారు కదమ్మా, ముందు ఆ సంగతి చూడండి. ఈ వారంలోనే తహసీల్దార్‌కు అర్జీ పెట్టండి. అది మీ పేరుతో కాదు, మీ ఆయన పేరుతో, ఆయన సంతకంతో ఉండాలి. ఫలానా తేదీన నా పేరున రాసుకున్న వాంగ్మూలం నాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు, అందులో ఉన్నది నా మాట కాదు, సైగల భాష దుబాసీని పెట్టి మళ్లీ వాంగ్మూలం తీసుకోండి, అంతవరకు ఆర్డర్ ఇవ్వకండి అని రాయండి. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేయండి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా గడప దాటకండి.

ఇక సంతకం విషయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి వారసత్వంలో మీ ఆయన హక్కు అందరితో సమానం. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, ఆఫీసుల్లో చాలామంది దాన్ని చదివినట్టు కనిపించదు. ఆస్తి వ్యవహారంలో సాయం చేసే మనిషి ప్రయోజనానికీ, వైకల్యం ఉన్న మనిషి ప్రయోజనానికీ పొత్తు కుదరకపోతే, ఆ సాయం చేసేవాడు ఆ వ్యవహారం నుంచి పక్కకు తప్పుకోవాలి. మీ బావగారు మంచివారా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. భూమి ఎవరికి దక్కబోతోందో ఆయనే దుబాసీ అయితే ఆ వాంగ్మూలానికి విలువేముంటుంది? అర్జీలో ఈ సెక్షన్ నంబరు రాయండి. మీకు నచ్చకపోయినా ఒకటి చెప్పాలి, భూమిలో మీకూ లాభం ఉంది కాబట్టి రేపు మీరే దుబాసీగా కూర్చుంటే అవతలివాళ్లు ఇదే అభ్యంతరం లేవనెత్తుతారు. కాబట్టి మూడో మనిషే కావాలి.

దుబాసీని అడగడం మీ హక్కు. అదే చట్టం 12వ సెక్షన్ కోర్టులతో ఆగలేదు. న్యాయ విచారణ తరహా అధికారం, దర్యాప్తు అధికారం ఉన్న ఏ అధికారి ముందైనా వైకల్యం ఉన్నవాళ్లు వివక్ష లేకుండా తమ హక్కును వినియోగించుకోగలగాలి. వారసులను పిలిచి, విని, తేల్చే తహసీల్దార్ ఆ మాటల పరిధిలోకి వస్తారనే నేను వాదిస్తాను. వాళ్లు కోరుకున్న భాషలో, పద్ధతిలో వాంగ్మూలం నమోదు చేసే ఏర్పాట్లు చూడాల్సింది ప్రభుత్వం. బాధ్యత ప్రభుత్వానిదైనప్పుడు బిల్లు మీకు చూపించడం కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 125వ సెక్షన్ కూడా, మాట్లాడలేని సాక్షి వాంగ్మూలాన్ని దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుడి సాయంతో తీసుకోవాలని, వీడియో తీయాలని కోర్టులకు చెబుతోంది. మీ విచారణకూ అదే పద్ధతి పాటించమని అర్జీలోనే కోరండి. వీడియో ఉంటే రేపు ఎవరూ మాట మార్చలేరు.

'రాయడం వచ్చుగా, కాగితం మీద రాసి చూపిస్తాం' అంటారు. ఒప్పుకోకండి. సైగల భాష వ్యాకరణం వేరు, మన తెలుగు వాక్యం వేరు. 'అభ్యంతరం లేదు' లాంటి ఆఫీసు తెలుగు చదువుకున్నవాళ్లకే తికమక పెడుతుంది. తల ఊపడాన్ని అసలే నమ్మకండి. వినపడని ఒక కక్షిదారు కేసులో నా ఎదుటి పక్షం వాళ్లు 'అన్నిటికీ తల ఊపాడండీ' అని గట్టిగా వాదించారు. నేను లేచి ఆయన ముందు నిలబడి, నోటితోనే 'భూమి వద్దా?' అని అడిగాను, తల ఊపారు. 'భూమి కావాలా?' అన్నాను, మళ్లీ ఊపారు. నువ్వు ఏదో మాట్లాడుతున్నావని చూస్తున్నాను అని తప్ప ఆ ఊపుకు వేరే అర్థం లేదు. ఆ తర్వాత బడి టీచర్ వచ్చి సైగల్లో అడిగారు, అప్పుడుగానీ అసలు సంగతి బయటపడలేదు.

దుబాసీ ఎక్కడ దొరుకుతారని ఆఫీసువాళ్లు మిమ్మల్నే ఎదురడగొచ్చు. మీ ఆయన చదివిన బడి టీచర్ పేరు అర్జీలోనే సూచించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి, మాట లోపాల జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రంలోనూ వాకబు చేయవచ్చు. ఇంట్లో మాత్రమే వాడే సైగలు బయటి దుబాసీకి అందవు కాబట్టి, ఆయన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన టీచర్ అయితే మరీ మంచిది.

మీ అత్తమ్మ గారు కూడా వారసురాలే. ఆటోలో తీసుకున్న వేలిముద్ర కింద ఏం రాసుకున్నారో ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా? లేకపోతే ఆమె తరఫున వేరే అర్జీ పెట్టండి. ఆమె వాంగ్మూలాన్ని కింది గదిలో, తహసీల్దార్ సమక్షంలో తీసుకోమనండి. మెట్ల విషయంలోనూ గొంతు తగ్గించక్కర్లేదు. పాత ప్రభుత్వ భవనాలను కూడా, రూల్స్ వచ్చిన ఐదేళ్లలో, వైకల్యం ఉన్నవాళ్లు వెళ్లగలిగేలా సరిచేయాలన్నది ఈ చట్టం 45వ సెక్షన్. 2017 జూన్‌లో రూల్స్ వచ్చాయి, ఆ గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరులో రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ విషయంలో సలహాల్లాంటి మార్గదర్శకాలు చాలవు, తప్పనిసరి నియమాలు పెట్టాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిందే.

ఈలోగా ఆర్డర్ వచ్చేస్తే కంగారు పడకండి, కానీ తేదీ రాసుకోండి. అప్పీలుకు గడువు ఉంటుంది. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్య హక్కు పుట్టదు, పోదు. వాటా వదులుకోవాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. అయితే అవతలివాళ్లు ఈ వాంగ్మూలాన్నే కుటుంబ ఒప్పందమని చూపించే ప్రమాదం ఉంది, అందుకే ఇప్పుడే అభ్యంతరం చెప్పమంటున్నాను.

వకీలు ఫీజు గురించి ఆలోచించకండి. వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్జీ తీసుకోకపోయినా, దుబాసీని పెట్టకపోయినా రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. కమిషనర్ సిఫారసు పంపితే, తీసుకున్న చర్యేమిటో ఆ ఆఫీసు మూడు నెలల్లో తెలపాలి. ఆ ఫిర్యాదుకు జతచేయాల్సింది ముద్ర పడిన మీ రెండో ప్రతే.