ఊళ్లో నాన్నకి డయాలసిస్, నేనేమో హైదరాబాద్‌లో: ఎవర్ని పట్టుకోవాలి?

మీరు హైదరాబాద్‌లో, ఊళ్లో మీ అమ్మ ఒక్కతే ఉంది, డయాలసిస్ మీదున్న మీ నాన్న ఆసుపత్రి, మందులు, పెన్షన్ అన్నీ దూరం నుంచి ఎలా చూసుకోవాలని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కిడ్నీ జబ్బు మాకు కొత్త కాదు. నాలుగేళ్లపాటు నేనూ వైజాగ్‌లో ఉండి ఇదే పని చేశాను.

డాక్టర్ చెప్పిన సంగతులు ఊళ్లో ఆశా కార్యకర్త దాకా ఎలాగోలా చేరతాయని మొదట్లో అనుకునేవాణ్ణి. చేరవు. నాన్న నీరసంగా ఉన్నారని ఒకామె ప్రేమగానే కొబ్బరి నీళ్లు పట్టమంది. మాదసలే కొబ్బరి తోటల ఊరు, పెరట్లోకి వెళ్తే గెలలే. డయాలసిస్ మీదున్న మనిషికి అందులోని పొటాషియం గుండెకి ముప్పు. ఇంకోసారి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన దారి) పెట్టిన ఎడమ చేతికే బీపీ పట్టీ చుట్టేశారు. ఆ చెయ్యి బీపీకీ, డయాలసిస్‌ది కాని సూదికీ ఇవ్వకూడదు. వాళ్లని ఏమనను? ఎవరూ చెప్పలేదు మరి.

ఆ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాం. డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, మారిన మందులు సెంటర్‌లో సిస్టర్ చేతే రాయించేవాళ్లం. అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో "ఎడమ చెయ్యి వద్దు, కొబ్బరి నీళ్లు వద్దు" అని పెద్దగా రాశాను. ఊరి నర్సు (ఏఎన్ఎం) వచ్చినా, రాత్రి 108 పిలిచినా అమ్మ ముందు అదే చేతిలో పెట్టేది. ఆ పేజీ ఫోటో నాకు వాట్సాప్‌లో వచ్చేది.

ఆంధ్రలో డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పెన్షన్ ఉంది, సచివాలయంలో అడగాలి. మాకు మూడు నెలలు ఊరికే పోయాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఆసుపత్రి కాగితాల్లో పొడి అక్షరం ఉంది, అంతే! మొదటి రోజే ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయించండి. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుంది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే మిత్ర కౌంటర్ దగ్గర మాట్లాడండి. మీది తెలంగాణ అయితే పెన్షన్ మొత్తం వేరు.

నిజానికి నాకు అందరికంటే అక్కరకొచ్చింది ఆటో అబ్బాయి. పక్క ఊరి పేషెంట్లు ఇద్దరినీ నాన్నతోపాటే తీసుకెళ్లేవాడు, ఛార్జీ ముగ్గురం పంచుకునేవాళ్లం. షిఫ్ట్ మారితే సెంటర్ వాళ్లు అతనికే ఫోన్ చేసేవారు. నాన్న ఏ రోజైనా రానని మొండికేస్తే నాకు మొదట తెలిసేది అతని వల్లే. మీ వైపు నుంచి ఆ సెంటర్‌కి ఇంకెవరెవరు వస్తున్నారో సిస్టర్‌ని అడగండి, ఆటో కూడా అక్కడే కుదురుతుంది.