బాప్తిస్మం తర్వాత రెండో ఏడు

నాయనా,

ప్రభువు నామమున వందనాలు.

బాప్తిస్మం తీసుకుని ఏడాది దాటినా కోపం పోలేదనీ, ప్రార్థనలో మనసు నిలవడం లేదనీ, దేవుడు వదిలేసినాడేమో అనిపిస్తోందనీ రాసినావు. ఆయన వదిలేయలేదు. ఏడాదిలో మారిపోవాలనే గడువు నువ్వు పెట్టుకున్నదే.

నిర్గమకాండం 23వ అధ్యాయంలో 29, 30 వచనాలు తీయి. ఇశ్రాయేలీయులకు ఇస్తానన్న దేశంలోంచి కనాను దేశస్థులను ఒక్క ఏడాదిలో వెళ్లగొట్టను, కొంచెం కొంచెంగా వెళ్లగొడతానని దేవుడే అంటాడు. ఒక్కసారిగా ఖాళీ అయితే దేశం పాడుబడి అడవి మృగాలు ఎక్కువైతాయని కారణమూ చెప్తాడు. ఆయన ఇచ్చిన మాటలోనే ఆలస్యం ఉందన్నమాట. అబ్రాహాము బయల్దేరినప్పుడు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. మధ్యలో ఓపిక పట్టలేక దాసి హాగరుతో చేసుకున్న ఏర్పాటుకు 86వ ఏట ఇష్మాయేలు పుట్టి, ఇల్లంతా రచ్చయింది. అయినా కొడుకునిస్తానన్న మాట దేవుడు తప్పలేదు.

ఇక చేయాల్సిన పని. ఉజ్జీవ సభలైన మర్నాడు మనోళ్లంతా రోజుకు పది అధ్యాయాలు చదువుతామని తీర్మానం చేసుకుంటారు. మూడో వారానికి ఆగిపోతుంది. బాకీ పడినవన్నీ ఒక్క రాత్రిలో చదివేయాలని కూర్చుంటారు, అదీ కాదు, ఇక బైబిలు అటకెక్కుతుంది. నువ్వట్లా చేయొద్దు. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు. రోజుకు సగం చొప్పున 32 రోజులు. పొద్దున ఫోను ముట్టకముందే, నీ చెవికి వినపడేటట్టు చదువు. ఒక రోజు తప్పిందా, బాకీ లెక్క పెట్టకుండా ఆగిన చోటు నుంచి చదువుకో. 4వ అధ్యాయంలో 26 నుంచి 29 వచనాల దగ్గర మాత్రం రెండు రోజులు నిలబడు. విత్తినోడు రాత్రి పడుకుంటాడు, పొద్దున లేస్తాడు, పైరు ఎట్లా పెరిగిందో వానికి తెలీదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాతే గింజ. నల్లరేగడిలో జొన్న వేసే ఇంట్లో పుట్టినోనికి ఇంతకంటే చెప్పాలా?

మార్కు అయినాక రోజుకో కీర్తన పట్టు. 119వది చూసి బెదరొద్దు. 176 వచనాలున్నా, ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది. రోజుకు రెండు భాగాలు చాలు.

ఒక నోటుబుక్కు కొనుక్కుని పేజీ మధ్యలో నిలువు గీత కొట్టు. ఎడమ పక్క అడిగింది, తేదీ. కుడి పక్క ఏమైందో, ఆ తేదీ. 'నన్ను ఆశీర్వదించు' అని రాస్తే కుడి పక్క ఎప్పటికీ ఏమీ రాయలేవు. 'శనివారం మేస్త్రీ కూలి లెక్క చెప్పేటప్పుడు నా నోరు అదుపులో ఉండాలి' అని రాయి. అడిగింది దొరక్కపోతే దొరకలేదనే రాసుకో, దాచిపెట్టొద్దు. మూడు నెలలకొకసారి మొదటి నుంచి తిరగేయి. రోజూ చూస్తే ఏమీ కనపడదు.

కోపం సంగతికొస్తే, వచ్చిందా రాలేదా అని కొలవొద్దు. తిట్టినాక పోయి క్షమించమని అడగడానికి ఎంతసేపు పట్టిందో చూడు. నాలుగు రోజులు మొహం మాడ్చుకునేవాడివి పొద్దు గుంకేలోగా అడగగలిగితే పరిశుద్ధాత్మ పని జరుగుతోందనే అర్థం. ఎఫెసీ పత్రిక 4:26 అడిగేది కూడా ఆ గడువే.

ప్రార్థనకు నోరు పెగలని రోజున 13వ కీర్తనో 88వదో చదివి ఆమెన్ అను. 88వది చివరిదాకా చీకటే. అయినా బైబిల్లో పెట్టినారు.

డిసెంబరు 31 రాత్రి గుడిలో కొత్త ఏడాదికని తీసిన, బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డును రశీదులాగా పట్టుకోవద్దు. ఆ వచనం ఏ అధ్యాయంలో ఉందో ఆ అధ్యాయమంతా చదివి, ఎవరికి ఎందుకు చెప్పినారో తెలుసుకో. వాన మొహం చాటేసి బుడ్డలు (వేరుశనగ) ఎండిపోతే నీ విశ్వాసం తక్కువని చెప్పేవాళ్లుంటారు, మన సీమలో వాళ్లకేమీ కొదవలేదు. పొలం పండకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు 3:17, 18 వాళ్లకు చూపించు.

ఉపవాసం ఒక పూటతో మొదలుపెట్టు. మే ఎండల్లో నీళ్లు మానొద్దు. అమ్మ నీతోపాటు ఉంటానంటే షుగరు మాత్రలున్నాయి కాబట్టి డాక్టరును అడక్కుండా ఒప్పుకోవద్దు.

చివరగా, కోపపడినాననే సిగ్గుతో రెండు నెలలుగా ప్రభు సంస్కారం (గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోలేదన్నావు. 1 కొరింథీ 11:28లో తన్ను తాను పరీక్షించుకుని తినమనే ఉంది, పరీక్షించుకుని ఇంట్లో కూర్చోమని లేదు. గట్టు తగాదాలో మీ అన్నను అన్న మాటలకు శనివారంలోగా పోయి క్షమాపణ అడుగు. ఆయన మాట్లాడకపోయినా సరే, ఆదివారం గుడికి పో.