సోరెట్ శిఖరం 409 నానోమీటర్ల వద్దే ఉంటే సైటోక్రోమ్ సి నిర్మాణం చెక్కుచెదరలేదని రాయవచ్చా?

శుద్ధి చేసిన సైటోక్రోమ్ సి (కణాల్లో ఎలక్ట్రాన్లను మోసే, హీమ్ ఉన్న ప్రోటీన్) వర్ణపటంలో సోరెట్ శిఖరం, అంటే హీమ్ వల్ల వచ్చే అన్నిటికన్నా బలమైన శోషణ శిఖరం, ఉండవలసిన చోటే ఉంది కనుక ప్రోటీన్ సహజస్థితిలోనే ఉందని రాయవచ్చా అని అడిగారు. ఆ ఒక్క శిఖరాన్ని నమ్ముకుని రాయకండి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నేను అలాగే రాసి, మూడు వారాల పనిని మళ్లీ మొదటినుంచి చేశాను.

నేను వాడింది గుర్రపు గుండె నుంచి తీసిన సైటోక్రోమ్ సి. అందులో హీమ్ (ఇనుము ఉన్న రంగు భాగం) మధ్యలోని ఇనుముకు ఒకవైపు 18వ స్థానంలోని హిస్టిడీన్, రెండోవైపు 80వ స్థానంలోని మిథియోనీన్ గంధకం కట్టుబడి ఉంటాయి. నేను కలిపిన బఫర్ పీహెచ్ 10కి దగ్గరగా ఉందని, దాన్ని సరిచూడకపోవడం వల్ల, నాకు తెలియలేదు. శిఖరం రెండు మూడు నానోమీటర్లు జరిగితే అది పరికరం తేడా అనుకున్నాను. మా ప్రయోగశాలలోని సీనియర్ ఒకావిడ కాగితం చూసి, "మరి 695 ఏది?" అన్నారు.

ఆక్సీకరణం చెందిన రూపంలో 695 నానోమీటర్ల వద్ద కనిపించే చిన్న పట్టీ, ఇనుముకు మిథియోనీన్ గంధకంతో బంధం ఉందనడానికి గుర్తు. పీహెచ్ సుమారు 9.3 దాటాక మిథియోనీన్ తప్పుకుని లైసీన్ వచ్చి కూర్చుంటుంది. అయితే లైసీన్ కూడా ఇనుమును తక్కువ స్పిన్ స్థితిలోనే (ఎలక్ట్రాన్లు వీలైనంతవరకు జతకట్టి ఉండే స్థితి) ఉంచుతుంది కాబట్టి సోరెట్ శిఖరం పెద్దగా కదలదు, 695 పట్టీ మాత్రం మాయమవుతుంది. ఆ పట్టీ బలం సోరెట్‌లో నూరో వంతుకన్నా తక్కువ. 10 మైక్రోమోలార్ ద్రావణంలో 409 వద్ద శోషణ 1 దాటినా, 695 వద్ద 0.01 కూడా రాదు. చాలామంది దాన్ని చూడకపోవడానికి కారణం ఇదే. కనీసం 100 మైక్రోమోలార్ ద్రావణంతో ఆ భాగాన్ని విడిగా కొలవండి.

ఇంకొక చిక్కు ఉంది. క్షయకరణం చెందిన (ఇనుము ఒక ఎలక్ట్రాన్ తీసుకున్న) రూపంలో బంధం చెక్కుచెదరకున్నా 695 పట్టీ ఉండదు. కొన్న పొడిలో ఆ రూపం కొంత కలిసి ఉండడం మామూలే కనుక, ముందు 550 వద్ద పదునైన శిఖరం ఉందేమో చూసి, ఉంటే పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో ఆక్సీకరించి, మిగిలిన ఫెర్రిసయనైడ్‌ను జెల్ కాలమ్‌తో తొలగించండి. అది 420 ప్రాంతంలో శోషించి సోరెట్ కొలతను పాడుచేస్తుంది.

ఇంత చేసినా మిథియోనీన్ వెళ్లిందని తెలుస్తుందే తప్ప దాని స్థానంలోకి వచ్చినది ఏదో ఈ పట్టీ చెప్పదు. అది 73, 79 స్థానాల్లోని లైసీన్లలో ఒకటని తేలడానికి ఉత్పరివర్తనాలు (ఆ లైసీన్లను వేరే అమైనో ఆమ్లాలతో మార్చడం) చేయవలసివచ్చింది. మీ దగ్గర ఎన్.ఎం.ఆర్. (కేంద్రక అయస్కాంత అనునాద వర్ణపటం) సౌకర్యం ఉంటే క్షయకరణ రూపంలో -3.3 పీపీఎం వద్ద మిథియోనీన్ మిథైల్ సంకేతం కోసం వెతకండి. ఆ ప్రాంతంలో వేరే సంకేతాల రద్దీ ఉండదు. గొలుసు మడత గురించి రాయాలనుకుంటే మాత్రం హీమ్ పట్టీలు చాలవు, 222 నానోమీటర్ల వద్ద వృత్తాకార ద్వివర్ణతను (ఎడమ, కుడి వైపు తిరిగే కాంతి శోషణల్లో తేడా) వేరుగా కొలవాలి.