సెల్‌ టవర్ అద్దె, లిఫ్ట్ ఖర్చు: పంచేందుకు ఒకటే కొలత

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ నిజాంపేటలో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నిన్ను ట్రెజరర్‌గా పెట్టారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మెయింటెనెన్స్ ఫ్లాట్‌కింత అని వసూలు చేయాలా, సైజును బట్టి చేయాలా అని మొదటి మీటింగ్‌లోనే గొడవైందట కదా.

ముందు అందరి సేల్ డీడ్‌లూ తెప్పించు. స్థలంలో ఏ ఫ్లాట్‌కి ఎన్ని గజాల అవిభక్త వాటా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉన్న స్థలంలో ఆ ఫ్లాట్ భాగం) ఉందో వాటిలో రాసి ఉంటుంది. అన్నీ కూడితే మొత్తం స్థలానికి సరిపోవాలి. కొందరు బిల్డర్లు కొన్ని గజాలు తమ పేరునే ఉంచేసుకుంటారు, తేడా వస్తే మొదట అది తేల్చు. ఖర్చయినా, రాబడైనా ఈ వాటా ప్రకారమే పంచు. వెయ్యి గజాల స్థలంలో 40 గజాలున్న డబుల్ బెడ్‌రూమ్‌కి 4 శాతం, 60 గజాలున్న ట్రిపుల్‌కి 6 శాతం. నెల ఖర్చు లక్షయితే ఒకరు 4,000, ఇంకొకరు 6,000 కట్టాలి. డాబా మీద సెల్‌ టవర్ అద్దె 20,000 వస్తే 800, 1,200 చొప్పున దక్కాలి. మహారాష్ట్రలో 1970 నాటి అపార్ట్‌మెంట్ చట్టం కూడా ఖర్చునీ లాభాన్నీ ఒకే వాటా ప్రకారం పంచమంటుంది. మనకి తెలంగాణలో 1987 నాటి చట్టం ఉంది, దాన్నీ మీ బైలాస్‌నీ (అసోసియేషన్ నియమాలనీ) దగ్గర పెట్టుకుని చదువు.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ‘మేం లిఫ్ట్ ఎక్కం’ అంటారు, అమెరికాలో ఉన్నవాళ్లు ఫ్లాట్ ఖాళీగా ఉందంటారు. కోప్పడకుండా ఒకటే అడుగు: డాబా ఎక్కనంత మాత్రాన టవర్ అద్దెలో వాటా వదులుకుంటారా? వదులుకోరు, వదులుకోకూడదు కూడా. ఖర్చయినా అంతే.

నీళ్ల సంగతి మాత్రం వేరు. వాటాకీ వాడకానికీ సంబంధం లేదు. అందుకే ఫ్లాట్‌కో మీటర్ పెట్టించమని నా సలహా. ఎండాకాలం ట్యాంకర్ల బిల్లు మొదలైతే అప్పుడు ఎవరూ ఒప్పుకోరు. జలమండలి 2021లో మొదలుపెట్టిన నెలకి 20,000 లీటర్ల ఉచిత నీళ్ల పథకం మీ ప్రాంతానికి వర్తిస్తే, దానికి ఆధార్ లింక్ చేయించుకోని ఫ్లాట్ల బిల్లు మిగతావాళ్ల నెత్తిన వేయకు.

టవర్ డబ్బు ఎవరి సొంత అకౌంట్‌లోకీ పోనివ్వకు. అసోసియేషన్ ఖాతాలోనే పడాలి. బయటివాళ్ల నుంచి వచ్చే అద్దె కాబట్టి పన్ను సంగతి ఆడిటర్‌ని అడుగు. నా మటుకు నాకు పంచుకోవడం కంటే కార్పస్ ఫండ్‌లో (పెద్ద ఖర్చుల కోసం దాచుకునే నిధిలో) వేయడమే నయం. లిఫ్ట్ మార్చాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా లక్షలు అడిగితే రిటైరైనవాళ్లు ఎక్కడ తెస్తారు? ఏం చేసినా జనరల్ బాడీలో తీర్మానం రాయించు.

మీటింగ్‌కి వారం ముందే శాతాల పట్టిక నోటీసు బోర్డులో పెట్టు, తప్పులుంటే చెప్పమను. డీడ్‌లో ఏ మాటైనా అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
పెదనాన్న