పాప సైకాలజీ చదువుతానంటోంది, చేర్చమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మా పాప విజయవాడలో హాస్టల్లో ఉండి ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. డీఎస్సీకి చదువుతున్న వాళ్ల అక్క పుస్తకంలో సైకాలజీ భాగం చూసి, డిగ్రీలో అదే తీసుకుంటానంటోంది. అభ్యసనం, స్మృతి, ప్రత్యక్షం అంటూ ఇంటిల్లిపాదికీ పాఠాలు చెబుతోంది. అది పిచ్చివాళ్ల చదువని మా అమ్మ గొడవ. దీంతో ఉద్యోగం వస్తుందా? ఇంకోటి, చదివింది గుర్తుండటం లేదని పాప అంటే మెమరీ క్లాసుల్లో అడిగాం. ఎనిమిది వేలన్నారు. కట్టమంటారా?

జవాబు: ముందు అమ్మగారి గొడవ సంగతి చూద్దాం. దానికి మీ యార్డే చాలు.

ఒకసారి పనిమీద అక్కడికి వచ్చాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో దగ్గు, తుమ్ములు, కళ్లలో నీళ్లు. నా పక్కనుంచే ఒక హమాలీ మిర్చి టిక్కీ (బస్తా) వీపున వేసుకుని, నన్ను చూసి నవ్వుకుంటూ పోయాడు. ఇద్దరం పీలుస్తున్నది ఒకే గాలి. మిర్చిలో ఘాటు కాప్సైసిన్ అనే పదార్థానిది. వేడి తగిలితే స్పందించే నరాల గ్రాహకాన్నే అదీ తట్టి లేపుతుంది, అందుకే మనకు ‘మంట’ అనిపిస్తుంది. ఆ గ్రాహకాన్ని కాప్సైసిన్ సాయంతోనే గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. పదేపదే ఘాటు తగిలితే ఆ నరాలు కొంత మొద్దుబారతాయి. ఇలా ఒంటికి తగిలింది నరాలకు తెలియడమే సంవేదన. ఇక మీ కొట్లో పాతకాపు ఎవరైనా కాయను చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, తేజ రకమో 334 రకమో చెప్పేస్తాడు కదా? నాకైతే అన్నీ ఎర్రకాయలే. కంటికి చేరేది ఇద్దరికీ ఒకటే, అతనికి కనబడేది వేరు. కంటికి చేరినదాన్ని మనసు అలా పోల్చుకోవడమే ప్రత్యక్షం. ఏళ్ల తరబడి చూడగా చూడగా కన్ను అలా పదునెక్కడం అభ్యసనం. నిరుడు వచ్చిన సరుకుతో పోల్చి చెప్పాడంటే స్మృతి. మీ పాప ఇంట్లో చెబుతున్న పాఠం ఇదే. మానసిక జబ్బులు ఈ శాస్త్రంలో ఒక భాగం మాత్రమేనని అమ్మగారికి చెప్పండి.

ఇప్పుడు పాపకు ఒక హెచ్చరిక. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు)వే కాబట్టి మన దగ్గర అభ్యసనం మీద ప్రయోగాల్లోని పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ బిట్లుగా మారిపోయాయి. బిట్లు సరదాగానే ఉంటాయి. డిగ్రీలో మాత్రం ప్రయోగాలు, రికార్డులు, స్టాటిస్టిక్స్ ఉంటాయి. చాలామంది చతికిలబడేది ఆ స్టాటిస్టిక్స్ దగ్గరే. ఎంపీసీ చదివిన పిల్లకు అది కలిసొచ్చే విషయం. రెండేళ్లు వృథా అయ్యాయని బాధపడకండి.

తనకు నిజంగా ఇష్టమో కాదో తేల్చుకోవడానికి వారం రోజుల పని ఒకటి చెబుతాను. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తయారుచేసుకుని, తానే కంఠస్థం చేసి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. జ్ఞాపకం మొదటి గంటలోనే దబ్బున పడిపోతుంది, తర్వాత ఆ పడటం నెమ్మదిస్తుంది. పాపను కూడా ‘గిబె’, ‘ముటొ’ లాంటి అర్థం లేని మాటలు ఇరవై రాసుకుని బట్టీపట్టమనండి. గంటకు, మర్నాడు, నాలుగో రోజు ఎన్ని గుర్తున్నాయో గ్రాఫు కాగితం మీద పెట్టమనండి. గీత వంపు చూసి ‘ఎందుకిలా?’ అని అడిగితే చేర్చండి. రెండో రోజే విసుగొచ్చి వదిలేస్తే ఇంకొంత ఆలోచించుకోనివ్వండి.

ఉద్యోగం మాటకొస్తే, బీఏ, బీఎస్సీతోనే ఆపేస్తే ఈ చదువుకు పెద్దగా విలువ లేదు. పీజీ తప్పదు. క్లినికల్ సైకాలజిస్టు (మానసిక సమస్యలకు చికిత్స చేసే సైకాలజిస్టు) కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ పొంది, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఈ రంగంలో పెద్ద పేరు, సీట్లకు పోటీ కూడా ఆ స్థాయిలోనే. ఆరువారాల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లను చూసి మోసపోకండి. దూరవిద్యలో చేసేద్దామనుకోకండి, 2025లో సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో ఆపేయమని యూజీసీ చెప్పింది. రోగులతో పని ఇష్టం లేకపోతే, మనసు ఎలా ఆలోచిస్తుందో, ఎలా గుర్తుంచుకుంటుందో చదివే కాగ్నిటివ్ సైన్స్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రమే ఉంది. జ్ఞాపకం, ప్రత్యక్షం మీద పాపకున్న మోజు చూస్తే నాకు ఈ దారే ఎక్కువ నప్పుతుందనిపిస్తోంది. యాప్‌లు జనం ఎలా వాడుతున్నారో పరిశీలించే పనులు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ ఉంటాయి. డిగ్రీకి మాత్రం ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టే ముందే సైకాలజీ మేజర్‌గా ఎక్కడుందో కనుక్కోండి, మన గుంటూరు, విజయవాడల్లో అన్ని కాలేజీల్లోనూ దొరకదు.

ఇక ఆ ఎనిమిది వేలు. కట్టకండి. ఆ క్లాసుల్లో నేర్పే కిటుకులతో ఇరవై వస్తువుల జాబితా వరసగా అప్పజెప్పొచ్చు, సందేహం లేదు. ఇంటిగ్రేషన్ లెక్క మాత్రం రాదు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో తేల్చింది ఏమిటంటే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చదివి పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. హాస్టల్లో తెల్లవారుజామునే స్టడీ అవర్లో కూర్చోబెట్టి అదే పేజీ వందసార్లు చదివించారని పిల్లలు చెబుతుంటారు. గుర్తుండకపోవడంలో విచిత్రమేముంది? (వీళ్లు తిట్టుకునే వీకెండ్ టెస్టులే నిజానికి పనికొచ్చాయి. నోటీసు బోర్డు మీద ర్యాంకులు అంటించకుండా ఉంటే ఇంకా పనికొచ్చేవి.) ఓ తెల్లకాగితాల కట్ట కొనివ్వండి. పాఠం చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, తప్పులు తనే ఎర్రసిరాతో దిద్దుకోమనండి.