“విశ్వాసమందు నిలిచియుండినయెడల”: తప్పిపోయి తిరిగి వచ్చినవారికి స్థలముందా?

ప్రశ్న: అయ్యగారికి వందనములు. నా పందొమ్మిదవ యేట బాప్తిస్మము పొందాను. కొంతకాలం ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం బోధించాను. తరువాత ఒక పాపానికి చోటిచ్చి, దాన్ని దాచుకోవడానికి ప్రార్థన మానేశాను. నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు, నేనే కొంచెం కొంచెంగా దూరమయ్యాను. అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ పాపాన్ని విడిచిపెట్టి ఇప్పటికి పది నెలలు. మొన్న బైబిలు తెరిస్తే కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయం దగ్గర అప్పట్లో గుర్తుకోసం పెట్టుకున్న కాగితం ముక్క అలాగే ఉంది. దేవుడు మనలను తనతో సమాధానపరచుకొన్నాడని చదివి సంతోషించేలోపే, 23వ వచనంలో “విశ్వాసమందు నిలిచియుండినయెడల” అన్న మాట కనిపించింది. నేను నిలిచి ఉండలేదు కదా. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయమైతే, తప్పిపోయినవారిని మరల నూతనపరచడం అసాధ్యమనే చెబుతోంది. దేవునితో నా సమాధానం రద్దయినట్టేనా? మళ్ళీ మందిరానికి వెళ్తున్నాను గాని, వెనుక వరుసలో కూర్చొని ఆశీర్వాదం చెప్పకముందే లేచి వచ్చేస్తున్నాను. – ఒక సోదరుడు

జవాబు: ప్రియ సోదరా, మీ ఉత్తరాన్ని ఒకటికి మూడుసార్లు చదివాను. ఆరేళ్ళు మూసి ఉన్న బైబిలు తెరుచుకున్న చోట ఉన్నది సరిగ్గా మీకు కావలసిన పత్రికే. మిమ్మల్ని భయపెట్టిన వచనం ఆ పత్రికలోనే ఉంది, దానికి జవాబు కూడా ఆ పత్రిక చివరి అధ్యాయంలోనే ఉంది. అక్కడికి వెళ్ళేముందు “సమాధానపరచుట” అన్న మాటను కొంచెం నిదానంగా చూద్దాం.

మన వాడుకలో ఇద్దరు గొడవపడితే పెద్దలు కూర్చొని రాజీ కుదురుస్తారు. రాజీలో ఇద్దరూ కొంత తగ్గుతారు, ఇద్దరికీ షరతులుంటాయి, ఒకరు మాట తప్పితే రాజీ పోతుంది. మీ భయమంతా దేవునితో సమాధానాన్ని ఇలాంటి రాజీగా అనుకోవడం వల్ల వచ్చిందని నాకనిపిస్తోంది. ఈ పత్రిక వ్రాసిన అపొస్తలుడైన పౌలు చెప్పే సమాధానం అటువంటిది కాదు. “శత్రువులమైయుండగా” దేవుడు తన కుమారుని మరణం ద్వారా మనలను తనతో సమాధానపరచుకొన్నాడని రోమా 5:10 చెబుతుంది. తప్పు మనది, మొదటి అడుగు ఆయనది, వెల కూడా ఆయనే చెల్లించాడు. పౌలు పత్రికలన్నిటిలో ఈ విషయం ఎక్కడ వచ్చినా సమాధానపరచేవాడు దేవుడే, సమాధానపరచబడేవాళ్ళం మనమే. మీరు బాప్తిస్మం పొందిన రోజున మీ భక్తిని చూసి ఆయన ఒప్పందానికి దిగలేదు; కాబట్టి ఆ భక్తి చల్లారిన రోజున ఆయన ఒప్పంద పత్రాన్ని చింపివేశాడని అనుకోవడానికి ఆధారం లేదు.

మరి 23వ వచనంలోని “నిలిచియుండినయెడల” అన్న మాటేమిటి? దాన్ని మెత్తబరచి పక్కన పెట్టేయడం నాకిష్టం లేదు. అది నిజమైన హెచ్చరికే. కొలొస్సయి సంఘంలోకి క్రీస్తు ఒక్కడే చాలడని చెప్పే బోధ చొరబడుతోంది: పండుగల ఆచరణ, దేవదూతల ఆరాధన, “ముట్టవద్దు, రుచి చూడవద్దు” అన్న నియమాలు. అందుకే పౌలు, మీరు విన్న సువార్త నుండి తొలగిపోవద్దు, ఆ పునాది మీదనే నిలవండి అంటున్నాడు. అయితే ఆ మాట పలికిన స్వరాన్ని గమనించండి. మూల గ్రీకులో ఆయన వాడిన పదాలు, వారు నిలిచే ఉన్నారన్న నమ్మకంతో చెప్పే తీరులో ఉన్నాయి. అంతేకాక, నిలవడం అంటే ఒక్కసారైనా తూలకపోవడం అని ఆయన అనలేదు. ఎక్కడ నిలవాలో చెప్పాడు. తూలినవాడు లేచి మళ్ళీ ఆ పునాది మీదనే కాలు మోపితే అతడు నిలిచినవాడే. పడిన తరువాత ఇంకొక పునాదిని, అంటే తన పశ్చాత్తాపపు లోతునో, తాను విధించుకున్న శిక్షనో వెదుక్కునేవాడే అసలు ప్రమాదంలో ఉన్నాడు. సోదరా, ఆశీర్వాదం వినకుండా లేచి వచ్చేయడం అలాంటి శిక్ష కాదు కదా?

ఇప్పుడు ఆ పత్రిక 4వ అధ్యాయం తెరవండి. వందనాలు చెప్పే పేర్ల జాబితా కాబట్టి మనలో చాలామంది దాన్ని త్వరగా దాటేస్తారు. 9 నుండి 14 వరకు గల ఆ ఆరు వచనాలలోనే మీ ప్రశ్న మూడు నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. 9వ వచనంలో ఒనేసిము ఉన్నాడు. యజమాని ఫిలేమోనును విడిచి వెళ్ళి, ఇప్పుడు “నమ్మకమైన ప్రియ సహోదరుడు” అనే పేరుతో తిరిగి వస్తున్న దాసుడు. 10వ వచనంలో బర్నబాకు దగ్గరి బంధువైన మార్కు ఉన్నాడు. ఈ మార్కు మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియ దగ్గర పనిని మధ్యలో విడిచిపెట్టి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయాడు. అతణ్ణి మళ్ళీ వెంటబెట్టుకొని వెళ్ళాలా వద్దా అన్న విషయంలో పౌలుకూ బర్నబాకూ మధ్య తీవ్రమైన వాదం పుట్టి వారిద్దరూ విడిపోయారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. అప్పుడు ఒద్దన్న ఆ పౌలే, సంవత్సరాల తరువాత బంధకాలలో ఉండి, “ఇతడు మీయొద్దకు వచ్చినయెడల ఇతని చేర్చుకొనుడి” అని వ్రాస్తున్నాడు. “నిలిచియుండినయెడల” అని వ్రాయించిన మనిషే, అదే పత్రికలో, ఒకప్పుడు నిలవలేకపోయిన మనిషిని చేర్చుకోమంటున్నాడు. ఈ రెండు మాటలకూ ఆయన మనస్సులో పొత్తు కుదిరింది. మనం కూడా వాటిని కలిపే చదవాలి.

14వ వచనంలో దేమా పేరు కూడా ఉంది. ఆ రోజున అతడు పౌలు ప్రక్కనే ఉండి వందనాలు పంపుతున్నాడు, అతని మీద ఏ మచ్చా లేదు. కానీ పౌలు మరణానికి ముందు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో “దేమా యిహలోకమును స్నేహించి నన్ను విడిచి” వెళ్ళిపోయాడన్న మాట చదువుతాం. దాని వెంటనే, మరుసటి వచనంలోనే, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు అంటాడు. ఒకసారి పారిపోయినవాడు చివరికి తోడు నిలిచాడు, ఎన్నడూ పారిపోనివాడు చివరికి వెళ్ళిపోయాడు. ఈ రెండు పేర్లూ పక్కపక్కన చదివినప్పుడల్లా, ఎవరి గురించీ, నా గురించి కూడా, తొందరపడి తీర్పు చెప్పే ధైర్యం నాకు కలగదు.

హెబ్రీయులకు 6వ అధ్యాయం గురించి. అక్కడ కనిపించేది బలహీనతలో పడిపోయి దుఃఖించే మనిషి కాదు. వెలుగును తెలిసికొని, రుచి చూసి, ఆ తరువాత దేవుని కుమారుణ్ణి మరల సిలువవేస్తూ బాహాటంగా అవమానపరుస్తూ ఉన్నవాడు. ఆ క్రియ జరిగిపోయినట్లుగా కాక జరుగుతూ ఉన్నట్లుగానే చెప్పబడింది. అలా ఆయనకు వీపు చూపి నిలబడినవాణ్ణి ఆయన తప్ప వేరే ఏ బలీ, ఏ ఆచారమూ నూతనపరచలేదు. అసాధ్యమన్న మాటను నేను ఇలాగే గ్రహిస్తాను. మీరు ఆయనకు వీపు చూపడం లేదు, ఆయన వాకిట నిలబడి లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు. ఆ హెచ్చరిక వ్రాసిన చేయే మూడు వచనాల తరువాత “అయితే ప్రియులారా” అని పిలిచి, వారు రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నానని చెప్పింది, అధ్యాయం ముగిసేలోపు నిరీక్షణను లంగరుగా చూపించింది. హెచ్చరిక వద్ద ఆగిపోయి లంగరు దాకా చదవకపోవడం చాలామందిని నిష్కారణంగా క్రుంగదీసింది.

సంఘం ఈ ప్రశ్నను మీకంటే ఎంతో ముందే ఎదుర్కొంది. క్రీ. శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని శాసించినప్పుడు, ప్రాణభయంతో అనేకులు బలులర్పించారు, మరికొందరు అర్పించకుండానే అర్పించినట్లు ధ్రువపత్రాలు సంపాదించుకున్నారు. హింస సద్దుమణిగాక వారు ఏడుస్తూ తిరిగి వచ్చారు. రోమాలో నొవేషియన్ అనే పెద్ద వారిని ఇక ఎన్నటికీ చేర్చుకోకూడదని పట్టుబట్టాడు. కార్తేజు అధ్యక్షుడైన సిప్రియన్, తప్పును తేలికగా తీసిపారేయకుండా, తలుపునూ మూసివేయకుండా, 251లో కూడిన సభలో పశ్చాత్తాపపడినవారు తిరిగి రావడానికి మార్గం ఏర్పరచాడు. సంఘం ప్రధానంగా ఆ మార్గాన్నే అనుసరించింది.

ఒకసారి రక్షింపబడినవాడు పూర్తిగా తొలగిపోగలడా అన్న వాదం మాత్రం సంఘాల మధ్య నేటికీ ఉంది. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ సభ, దేవుడు తనవారిని కడవరకు కాపాడుతాడని తీర్మానించింది. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ, తొలగిపోవడం సాధ్యమేనని బోధించాడు. నేను మొదటి పక్షానికి దగ్గరగా ఉన్నాను. అయితే మీకు సంబంధించినంతవరకు ఈ రెండు పక్షాలూ ఒకే మాట చెబుతాయి. దావీదు, పేతురు వంటివారు ఘోరంగా పడి తిరిగి లేచారని డోర్ట్ సభ ఒప్పుకుంది. వెనుదిరిగినవారు మళ్ళీ రావచ్చని వెస్లీ బ్రతిమాలుతూ ప్రసంగించాడు. వాదం తేలేదాకా మీరు వెనుక వరుసలో కూర్చోనవసరం లేదు.

ఇక మీరు చేయవలసినది. ఆ పాపాన్ని పేరు పెట్టి దేవుని ఎదుట ఒప్పుకోండి. “నా తప్పులన్నీ క్షమించు” అన్న గంపగుత్త ప్రార్థన వెనుక దాగవద్దు. దానివల్ల నష్టపోయిన మనిషి ఎవరైనా ఉంటే, వారికి మేలు కలిగే విధంగా సరిదిద్దుకోండి. మీ కాపరితో ఒంటరిగా మాట్లాడండి. “నేడు అనబడు సమయముండగానే” ప్రతిదినమూ ఒకరినొకరు హెచ్చరించుకోవాలని హెబ్రీయులకు 3:13 చెబుతుంది. విశ్వాసంలో నిలవడం ఒంటరిగా చేసే పనిగా బైబిలులో ఎక్కడా కనిపించదు. మళ్ళీ బోధించే బాధ్యత కోసం తొందరపడకండి, దానికి సమయం రానివ్వండి. మొదటి ఆనందం తిరిగి రాలేదని కూడా దిగులుపడకండి. ఎండిన మనస్సుతో చేసే చిన్న ప్రార్థన నిజమైన ప్రార్థనే.

ప్రభువు బల్ల గురించి ఒక్క మాట. మీలాగే తిరిగి వచ్చిన ఒక సోదరుణ్ణి నేనెరుగుదును. రొట్టె ఉన్న పళ్ళెం తన వరుసకు వచ్చినప్పుడు దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా అందుకొని, ఒక్క ముక్కా తీసుకోకుండా పక్కవారికి అందించేవాడు. అలా ఎన్నో నెలలు జరిగింది. ఒకరోజు నేను ఆయన పక్కన కూర్చొని 1 కొరింథీయులకు 11:28 చదవమన్నాను. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, “ఆలాగుచేసి” ఆ రొట్టెను తినవలెను అని అక్కడ ఉంది. పరీక్షించుకొని మానివేయవలెను అని లేదు. ఆయన ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తరువాతి నెల పళ్ళెం వచ్చినప్పుడు ఆయన చెయ్యి వణికింది గాని, ముక్క తీసుకున్నాడు. పాపాన్ని విడిచి పది నెలలైన మీరు, కాపరితో మాట్లాడిన తరువాత, అలాగే చేయి చాపండి. ఈ ఆదివారం ఆశీర్వాదం వరకు ఉండండి.

ప్రశ్న: మా పెద్దబ్బాయి చిన్నప్పటి నుండి ప్రార్థనలో పెరిగినవాడు. ఇప్పుడు దేవుని పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతాడు. వాడు మార్కు వంటివాడో దేమా వంటివాడో అన్న భయంతో నాకు నిద్ర పట్టడం లేదు. తల్లిగా నేనేం చేయగలను? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ప్రశ్న పై సోదరుని ఉత్తరంతో పాటే చేరింది, అందుకే రెంటినీ కలిపి వేస్తున్నాను. పంఫూలియ దగ్గర మార్కు వెనుదిరిగిన రోజున అతడు ఎవరి వంటివాడో చూసేవారెవరికీ తెలియదు. మీకూ ఇప్పుడు తెలియదు, తెలియనవసరమూ లేదు. కొలొస్సయుల 4వ అధ్యాయంలోనే, మార్కు పేరుకూ దేమా పేరుకూ మధ్య, 12వ వచనంలో ఎపఫ్రా ఉన్నాడు. తన వాళ్ళు నిలుకడగా ఉండాలని దూరం నుండి ఎల్లప్పుడూ ప్రార్థనలో పోరాడుతున్నాడని పౌలు అతని గురించి సాక్ష్యమిచ్చాడు. మీ స్థలం అదే. పేతురు తన ప్రభువును ఎరుగనని బొంకకముందే, అతని నమ్మిక తప్పిపోకుండా తాను వేడుకొన్నానని ప్రభువు చెప్పాడు; మీరు ఆ ప్రార్థనతో మీ ప్రార్థన కలుపుతున్నారు.

అబ్బాయితో దేవుని మాట ఎత్తడం కొంతకాలం తగ్గించండి, అబ్బాయితో మాట్లాడడం మాత్రం తగ్గించకండి. వాడి పనీ, ఆరోగ్యమూ, స్నేహితులూ, వాడు పడుతున్న బాధలూ శ్రద్ధగా వినండి. మందిరంలో ఎవరైనా నొప్పించడం వల్ల వాడు దూరమయ్యాడేమో మెల్లగా తెలుసుకోండి. అదే కారణమైతే ఆ తప్పును మీరు సమర్థించకండి. వాడు ఏ రాత్రి తలుపు తట్టినా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడగకముందే లోపలికి రమ్మనండి.