తోడేలు బొమ్మ ఉన్న రోమన్ కంచు నాణెం ఏ కాలానిది? శుభ్రం చేయొచ్చా?

మీ అన్నయ్య లండన్‌లో కొనిచ్చిన నాణెం మీద ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ, రెండోవైపు ఇద్దరు పిల్లలకు పాలిస్తున్న తోడేలు ఉన్నాయని, చక్రవర్తి పేరు మాత్రం కనిపించడం లేదని రాశారు. పేరు అరిగిపోలేదండి. ఈ రకం నాణెం మీద అసలు ఉండదు. ఆ స్త్రీ రోమ్ నగర దేవత రోమా. పిల్లలు రోములస్, రేమస్, తోడేలు పాలు తాగి పెరిగి రోమ్ నగరాన్ని స్థాపించారని పాత కథ చెప్పే కవలలు. పైన రెండు నక్షత్రాలు కూడా కనిపించాలి, చూడండి.

క్రీ.శ. 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను ప్రారంభించాడు. అదే ఇప్పటి ఇస్తాంబుల్. అప్పుడు రెండు నగరాల పేరునా నాణేలు వేశారు. కొత్త నగరం నాణెం మీద ఓడ ముందుభాగాన నిలబడ్డ రెక్కల విజయదేవత ఉంటుంది, మీది దానికి జంట. రాజధాని మారినా రోమ్‌ను మరవలేదని జనానికి చెప్పడానికే ఈ పాత కథను ఎంచుకున్నారని నా అభిప్రాయం. సంతలో ఉప్పు, నూనె కొనేవాళ్ళ చేతుల్లో తిరిగిన చిల్లర ఇది. అందుకే నాకు బంగారు నాణేల కన్నా ఇవంటేనే ఇష్టం. ఈ కాలపు రోమన్ చిల్లర తమిళనాడులోని కరూర్, మదురై వైపూ, శ్రీలంకలోనూ దొరికింది.

ఇప్పుడు తోడేలు కాళ్ళ కింది గీత దగ్గర భూతద్దం పెట్టండి. అక్కడి చిన్న అక్షరాలే టంకశాల గుర్తు. ‘టీఆర్’ అయితే జర్మనీలోని ట్రియర్, ‘ఎస్ఐఎస్’ అయితే నేటి క్రొయేషియాలోని సిసాక్, ‘ఎస్ఎంఏఎన్’ అయితే నేటి టర్కీలోని అంతియొకయ. నా దగ్గర ఉన్న ఒకదాని మీద ‘టీఆర్’ పక్కన ‘పీ’ ఉంది, అంటే ట్రియర్‌లో మొదటి విభాగం వేసింది. అడ్డంగా 17, 18 మిల్లీమీటర్లు ఉంటే 330 తర్వాతి తొలి ఏళ్ళది, 15 దాకా ఉంటే బరువు తగ్గించాక వేసింది అయ్యుండొచ్చు.

శుభ్రం చేసే విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, నిమ్మకాయ పెట్టకండి. ఆ ఆకుపచ్చ, గోధుమరంగు పొర వందల ఏళ్ళలో ఏర్పడింది. బొమ్మలోని సన్నని గీతలు చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. మట్టి అంటుకుని ఉంటే నేను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తుడుస్తాను, అంతే. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది బ్రాంజ్ డిసీజ్, అంటే కంచును తినేసే ఒక రకం తుప్పు. అప్పుడు దాన్ని మిగతా నాణేలకు దూరంగా, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పొడిగా ఉంచి, అనుభవం ఉన్నవాళ్ళకు చూపించండి.